ఫ్రీమాంట్: మంగళవారం సిటీ కౌన్సిల్ ఓటు, మన సభ్యుడిని ఏమడగాలి?

గోదారిగట్టు
2025 ఫిబ్రవరి 8, శనివారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. ఈ చర్చ ముఖ్యంగా కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉన్నవాళ్ల కోసం. బయటివాళ్లు కూడా నిరభ్యంతరంగా మాట్లాడొచ్చు.

మంగళవారం 11న సిటీ కౌన్సిల్‌లో క్యాంపింగ్ నిషేధం మీద ఓటు ఉంది. వీధి, ఫుట్‌పాత్, పార్కు, వాగు గట్టు, ఎక్కడ గుడారం వేసుకున్నా నేరమే. వెయ్యి డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. రేపు పొద్దున మా డిస్ట్రిక్ట్ (మన వార్డు లాంటిది) కౌన్సిల్ సభ్యుడు ఒక కాఫీ షాపులో జనంతో కూర్చుంటున్నారు. నేనూ, మా వీధివాళ్లు ఇంకో నలుగురూ వెళ్తున్నాం. ఏమడగాలో తేలడం లేదు.

నా సంగతి చెప్తాను. నైల్స్‌లో పద్నాలుగేళ్లుగా ఉంటున్నా. అలమీడా క్రీక్ ట్రెయిల్ మీద రోజూ పొద్దున నడక. నవంబర్ నుంచి అక్కడొక వంతెన కింద ఒకాయన ఉంటున్నాడు. యాభై దాటి ఉంటాయి. నీలం టార్పాలిన్, విప్పేసిన సైకిల్ చక్రాలు నాలుగైదు, ఖాళీ పెయింట్ బకెట్లో పుదీనా మొక్క. ఆ పుదీనాకి వాగు నీళ్లు పోయడు, సీసా నీళ్లే పోస్తాడు. నన్ను చూస్తే చెయ్యెత్తుతాడు, నేనూ ఎత్తుతా. అంతే పరిచయం. ఆ వంతెన దాటి కొంచెం ముందుకి పోతే ఇంకో గుంపు ఉంది. అక్కడ రాత్రిళ్లు అరుపులు. డిసెంబర్‌లో ఒకసారి మంట కూడా లేచింది. చీకటి పడ్డాక మా ఆవిడ అటు రావడం మానేసింది.

పుదీనా ఆయన్ని వెళ్లగొట్టాలని నాకు లేదు. ఆ రెండో గుంపు అక్కడే ఉండాలనీ లేదు. ఆర్డినెన్స్ (సిటీ చేసే చట్టం) కాగితం మీద మాత్రం ఇద్దరూ ఒకటే.


వార్మ్‌స్ప్రింగ్స్_అమ్మ
ఫిబ్రవరి 8, రాత్రి 10.15

నేనైతే ఒక్కటే అడుగుతాను. మా పార్కు ఎప్పుడు బాగుపడుతుంది?

మా చిన్నాడికి శనివారాలు సాకర్ ప్రాక్టీస్. పార్కు బాత్రూమ్‌కి వాణ్ణి ఒంటరిగా పంపి ఏడాదైంది. పోయిన నెల బెంచీ కింద సిరంజి కనిపించింది. "అమ్మా, ఇది డాక్టర్ పారేసుకున్నాడా?" అన్నాడు వాడు. టిష్యూ చుట్టుకుని తీయబోతే పక్కావిడ ఒక్క అరుపు అరిచింది, ముట్టుకోవద్దని. ఫొటో తీసి సిటీ యాప్‌లో పెట్టాను. మధ్యాహ్నానికల్లా వచ్చి తీసుకెళ్లారు, ఆ మాట కూడా చెప్పాలి.

నాకు ఎవరి మీదా కోపం లేదు. కానీ నిషేధం అనగానే అందరూ జాలి గురించి మొదలెడతారు. భయపడేవాళ్ల మీద కూడా కాస్త జాలి ఉంచండి.


లెక్కలమాస్టారు
ఫిబ్రవరి 8, రాత్రి 11.02

ముందు అంకెలు చూద్దాం, తర్వాత కొట్టుకుందాం.

2024 జనవరిలో ఒక రాత్రి తిరిగి లెక్క తీస్తే ఫ్రీమాంట్‌లో ఇల్లులేనివాళ్లు 807 మంది. 2022లో ఇదే లెక్క 1,026. అంటే తగ్గారు. అలమీడా కౌంటీ (మన జిల్లా లాంటిది) మొత్తం మీద 9,450. ఇది ఒక్క రాత్రి లెక్క. బంధువుల సోఫా మీద రోజులు నెట్టేవాళ్లు ఇందులోకి రారు. కారు అద్దాలకి దుప్పటి కట్టుకుని పడుకున్నవాళ్లు కొందరు లెక్కపెట్టేవాళ్ల కంట పడరు.

సిటీ హాల్ వెనక ఉన్న హౌసింగ్ నావిగేషన్ సెంటర్‌ని 2020లో 45 పడకలతో తెరిచారు. అక్కడ ఆరు నెలల దాకా ఉంచుకుని ఇల్లు వెతికిపెడతారు. ఇవి కాక వేరే చోట్ల కొన్ని పడకలు, చలికాలంలో కొన్ని మోటెల్ గదులు ఉన్నాయి. అన్నీ కలిపినా 807కి చాలవు.

ఇప్పుడే ఎందుకీ ఓటు అంటే, బోయిసీ అనే ఊరి కేసులో 2018లో ఇక్కడి అప్పీళ్ల కోర్టు ఒక మాట అంది: పడుకోవడానికి పడక ఇవ్వలేనప్పుడు బయట పడుకున్నందుకు శిక్షించకూడదని. 2024 జూన్ 28న గ్రాంట్స్ పాస్ కేసులో సుప్రీం కోర్టు 6-3తో ఆ అడ్డు తీసేసింది. నెల తిరక్కుండానే గవర్నర్ న్యూసమ్ ఉత్తర్వు ఇచ్చారు, గుడారాలు తీయించండని. అప్పట్నుంచి కాలిఫోర్నియాలో ఊరి తర్వాత ఊరు ఇదే దారి పట్టింది. మనది కొత్త ఆలోచనేమీ కాదు.


చిక్కడపల్లి_చిన్నోడు
ఫిబ్రవరి 9, ఆదివారం, తెల్లవారుజామున 2.20 (మాకు ఇక్కడ మధ్యాహ్నం)

హైదరాబాద్ నుంచి ఒక వినోదం చూసేవాడిగా రాస్తున్నా. మా దగ్గర కార్పొరేటర్‌ని ఇవన్నీ అడగం. డ్రైనేజీ పొంగితే ఫోన్, వీధి దీపం పోతే ఫోన్, పెళ్లికి పత్రిక. పోలీసులు రాష్ట్రం చేతిలో ఉంటారు కాబట్టి ఆయన్ని అడిగినా "సీఐ గారితో మాట్లాడతా" అంటాడు, మాట్లాడతాడు కూడా, అక్కడికి అయిపోతుంది.

కానీ మీ నిషేధం వింటే నాకు 2017 గుర్తొచ్చింది. నవంబర్‌లో ఇవాంకా ట్రంప్ వస్తున్నారని, అంతర్జాతీయ వ్యాపారవేత్తల సదస్సని, రెండు నెలల పాటు ఊళ్లో అడుక్కోవడమే నిషేధించారు. 144 సెక్షన్ కింద. దొరికినవాళ్లని జైళ్ల శాఖ నడిపే ఆనందాశ్రమానికి తరలించారు. బిచ్చగాళ్ల ఆచూకీ చెప్తే 500 రూపాయలు ఇస్తామన్నారు. సిగ్నళ్లు ఒక్కసారిగా ఖాళీ. సదస్సు అయ్యాక మెల్లగా ఒక్కొక్కరే మళ్లీ అవే సిగ్నళ్ల దగ్గర. మా వీధి చివర గుడి మెట్ల మీద కూర్చునే అవ్వ కూడా తిరిగొచ్చింది. ఎక్కడికెళ్లావే అంటే "పెద్దోళ్లొచ్చిండ్రు గద బిడ్డా, మమ్ముల దాచిండ్రు" అంది.


ట్యాక్స్_కట్టేవాడు
ఫిబ్రవరి 9, ఉదయం 7.05

పొద్దున్నే మొదలైంది జాలి ప్రవచనం. నెలకి ఇంత ప్రాపర్టీ ట్యాక్స్ కట్టేది సూదులు తొక్కడానికా? అంత ప్రేమ ఉన్నవాళ్లు ఒక్కొక్కరు ఒక్కొక్కరిని ఇంటికి తీసుకెళ్లండి. గరాజ్‌లు ఖాళీయే కదా.

అసలు సమస్య హోమ్‌లెస్ కాదు, సేఫ్టీ. మన ఆడవాళ్లు మంగళసూత్రం వేసుకుని గుడికి వెళ్లడానికి భయపడుతున్నారు. ఆ కౌన్సిల్ సభ్యుడిని దాని గురించి అడగండి ముందు.


రాత్రి_డ్యూటీ
ఫిబ్రవరి 9, ఉదయం 7.50

@ట్యాక్స్_కట్టేవాడు అన్నా, గొలుసుల గురించి మీరన్నది నిజమే. మా అత్తగారు రోల్డ్‌గోల్డ్ వేసుకుని తిరుగుతున్నారు. కానీ ఆ దొంగతనాలు చేసేది ఎవరు? 2022 వేసవిలో శాంటా క్లారా కౌంటీలో చీర, బొట్టు చూసి పద్నాలుగు మంది ఆడవాళ్ల మెడల్లో గొలుసులు తెంపిన కేసు గుర్తుందిగా. వాడేమీ వాగు గట్టున టార్పాలిన్ కింద పడుకునేవాడు కాదు. ఇళ్లల్లో బంగారం కోసం వచ్చేవాళ్లు మనం సినిమాకి ఎప్పుడు వెళ్తామో కనిపెట్టి, కార్లేసుకుని వస్తారు. గుడారాలన్నీ పీకేసినా ఆ గొలుసు దొంగ ఒక్కడు తగ్గడు. రెండూ ఒకే మూటలో కడితే దొంగ సంగతీ తేలదు, గుడారం సంగతీ తేలదు.

నేను ఎమర్జెన్సీలో నర్సుని. ఏ ఆస్పత్రో చెప్పను. ఇల్లులేని పేషెంట్‌ని డిశ్చార్జ్ చేసేటప్పుడు ఒక షీటు ఇస్తాం, షెల్టర్ నంబర్లతో. ఒక రాత్రి ఒకాయన ఆ షీటు చదివి, మడిచి, నాకే తిరిగి ఇచ్చేశాడు. "ఇవన్నీ ఫోన్ చేశాను తల్లీ, ఇది ఇంకెవరికైనా ఇవ్వు" అన్నాడు. కాలికి పుండు. చెప్పులో సాక్స్ లేదు. బయట జనవరి చలి.

మతి స్థిమితం లేనివాళ్ల గురించి కూడా. తనకో పక్కవాళ్లకో ప్రమాదమైతే 72 గంటలు ఆపగలం, దాన్ని ఇక్కడ ఫిఫ్టీ వన్ ఫిఫ్టీ అంటారు. నాలుగో రోజు మళ్లీ రోడ్డే. ఇలాంటివాళ్లకి చికిత్స ఏర్పాటు చేయించడానికి కేర్ కోర్టు అని రాష్ట్రం పెట్టింది, మన కౌంటీలో పోయిన డిసెంబర్ నుంచి మొదలైంది. ఇంట్లోవాళ్లే అర్జీ పెట్టొచ్చు. ఇవన్నీ కౌంటీ చేతిలోవి. సిటీ కౌన్సిల్ సభ్యుడి చేతిలో లేవు.


మంగళవారం_మీటింగ్
ఫిబ్రవరి 9, ఉదయం 8.30

(పేరు చూసి నవ్వకండి. ఆరేళ్లుగా చూస్తున్నా, మా ఆవిడ నాకు పెట్టిన పేరు.)

గోదారిగట్టు గారూ, కాఫీ షాపుకి బయల్దేరే ముందు ఇది చదవండి. చాలామంది వెళ్లి తప్పు ప్రశ్న అడిగి, తప్పు కోపంతో తిరిగొస్తారు.

ఫ్రీమాంట్‌లో మేయర్ కాక ఆరుగురు సభ్యులు, డిస్ట్రిక్ట్‌కి ఒకరు. 2018 నుంచి ఇలా. మేయర్ రాజ్ సల్వాన్ పోయిన నవంబర్‌లో గెలిచారు. ఏడుగురికీ తలా ఒక ఓటు, మేయర్‌ది కూడా ఒకటే. ఊరిని రోజువారీ నడిపేది సిటీ మేనేజర్. పోలీస్ చీఫ్ ఆ మేనేజర్ కింద. అంటే "మా వీధికి పెట్రోల్ కారు పంపించండి" అని సభ్యుడిని అడిగితే, ఆయన చీఫ్‌కి ఆర్డర్ వేయలేరు. మేనేజర్‌కి చెప్పగలరు, అడగగలరు.

మరి ఆయన చేతిలో ఏముంది? ఓటు ఉంది. బడ్జెట్ ఉంది. రెఫరల్ అని ఒకటుంది, అంటే ఫలానా విషయం కౌన్సిల్ ముందుకి తేవాలని సభ్యుడు రాసి పెట్టడం. నన్నడిగితే అసలు పనితనం తెలిసేది అక్కడే. ఫేస్‌బుక్‌లో చీపురు పట్టుకున్న ఫొటోలు చూడకండి. ఏడాదిలో ఎన్ని రెఫరల్స్ పెట్టారు, వాటిలో ఎన్ని బడ్జెట్ దాకా వెళ్లాయి, అది చూడండి.

ఇంకోటి. బ్రౌన్ యాక్ట్ ప్రకారం ఎజెండా 72 గంటల ముందు బయట పెట్టాలి, సభ్యుల్లో మెజారిటీ చాటుగా కూడి మాట్లాడుకోకూడదు. కాబట్టి "మిగతావాళ్లు ఏమంటున్నారండీ" అని అడిగితే ఆయన నీళ్లు నమిలితే తప్పు పట్టకండి.

అసలు ప్రశ్న ఏమిటంటే, ఆ వంతెన కింద నేల ఎవరిది? ట్రెయిల్ ఈస్ట్ బే రీజినల్ పార్క్స్ వాళ్లది. వాగు కాలువ కౌంటీ ఫ్లడ్ కంట్రోల్‌ది. రైలు పట్టాల పక్క నేల రైల్వే కంపెనీది. ఫ్రీవే కిందైతే కాల్‌ట్రాన్స్‌ది, అంటే రాష్ట్రానిది. బార్ట్ (ఇక్కడి మెట్రో రైలు) స్టేషన్ అయితే దానికి వేరే పోలీసులు. ఒక్క మైలు నడకలో నలుగురైదుగురు యజమానులు. ఒకరు తరిమితే మనిషి యాభై అడుగులు జరిగి ఇంకొకరి నేల మీద పడుకుంటాడు.


పులిహోర_బ్యాచ్
ఫిబ్రవరి 9, ఉదయం 8.55

అయ్యా, ఒక టెన్షన్. మేం ఏడెనిమిది కుటుంబాలం నెలకోసారి వంద ప్యాకెట్లు కట్టి పంచుతాం. ఒకసారి పులిహోర, ఒకసారి కిచిడీ. (పులిహోరలో ఎండుమిరపకాయలు తీసేసి ఇస్తాం, మొదటిసారి ఒకాయన మిరపకాయ నమిలి మమ్మల్ని తిట్టిన తిట్లు ఇప్పటికీ మర్చిపోలేదు.) గొడుగులు, దుప్పట్లు, పోయిన ఏడాది ఆరు టార్పాలిన్లు కూడా ఇచ్చాం.

ఈ ఆర్డినెన్స్‌లో ఒక వాక్యం ఉందట. క్యాంపింగ్‌కి అనుమతించినా, సాయపడినా, ప్రోత్సహించినా, దాచినా అదీ నేరమేనట. అంటే టార్పాలిన్ ఇచ్చిన నేను? హెచ్1బీ మీద ఉన్నవాళ్లం ఇద్దరం ఉన్నాం. కేసు అన్న మాట వింటేనే కాళ్లు వణుకుతున్నాయి.


మంగళవారం_మీటింగ్
ఫిబ్రవరి 9, ఉదయం 9.04

తిండి, బట్టలు ఇచ్చేవాళ్ల జోలికి రాం అని సిటీవాళ్లు అంటున్నారు. కానీ ఆ మాట ఆర్డినెన్స్‌లో రాసి లేదు. రేపు ఇంకో చీఫ్, ఇంకో అటార్నీ వస్తారు. వాళ్లు చదివేది రాసి ఉన్నదే, ఇవాళ నోటితో చెప్పింది కాదు. గోదారిగట్టు గారూ, ఇది తప్పక అడగండి.


ట్యాక్స్_కట్టేవాడు
ఫిబ్రవరి 9, ఉదయం 9.20

దానికీ ఏడుపేనా. టార్పాలిన్లు ఇస్తే ఇంకా నాలుగు గుడారాలు లేస్తాయి. సాయం చేసే సరదా ఉంటే షెల్టర్‌కి చెక్కు రాయండి. మీ పుణ్యం మా పార్కులో మూటలవుతోంది.


పులిహోర_బ్యాచ్
ఫిబ్రవరి 9, ఉదయం 9.26

పుణ్యం లెక్క నాకు తెలీదు బాబూ. చెక్కు కూడా రాశాం. వానలో తడుస్తున్న మనిషికి చెక్కు చూపిస్తే ఆరదు.


వేదిక నిర్వాహకుడు
ఫిబ్రవరి 9, ఉదయం 9.40

ఇక్కడ తీసేసిన మూడు వ్యాఖ్యల గురించి నాకు మెసేజ్‌లు పంపకండి. ఇల్లులేనివాళ్ల ఫొటోలు ముఖాలు కనపడేలా పెట్టొద్దు, అది నియమం. ట్యాక్స్ గారూ, గరాజ్ జోకు ఒకసారికి చాలు.


గోదారిగట్టు
ఫిబ్రవరి 9, మధ్యాహ్నం 1.15

వెళ్లొచ్చాం. గంటన్నర. పాతికమంది దాకా వచ్చారు, మన తెలుగువాళ్లమే తొమ్మిది మంది.

ఆయన ఓటు ఎటో చెప్పలేదు. ముందు ఔట్‌రీచ్ వాళ్లు, అంటే ఇల్లులేనివాళ్ల దగ్గరికి వెళ్లి సాయం చేసే సిబ్బంది, వెళ్లి మాట్లాడతారు, ఆ తర్వాత నోటీసు, ఆఖర్నే టికెట్ (కేసు చీటీ) అన్నారు. ఔట్‌రీచ్ వాళ్లు వెళ్లి ఏ పడక చూపిస్తారండీ అని అడిగా. కాఫీ కప్పు మూత తీసి, మళ్లీ పెట్టి, "అదే కష్టమైన ప్రశ్న" అన్నారు. తర్వాత ఫోన్ తీసి తన ఇన్‌బాక్స్ పైనుంచి కిందికి జరుపుతూ చూపించారు. తీయించండి, తీయించండి, తీయించండి, సిగ్గులేదా మీకు, తీయించండి. ఆ క్రమంలోనే ఉన్నాయి. నాకు ఆయన మీద కాస్త సానుభూతి కలిగింది, దాచుకోను.

వంతెన నేల సంగతి అడిగితే మాత్రం ముఖం వెలిగింది. సిటీ, కౌంటీ, పార్క్స్ వాళ్లు కలిసి ఒకే జాబితా పెట్టుకోవాలని తానూ చాన్నాళ్లుగా అంటున్నానన్నారు. మరి రెఫరల్ పెట్టారా అన్నా (మీటింగ్ గారి పుణ్యమే). పెట్టలేదన్నారు. పెడతానన్నారు. నోట్‌బుక్‌లో రాసుకున్నారు, నేను చూశా.

సాయపడటం నేరం అన్న వాక్యం గురించి అడిగితే, "మా అటార్నీ అది మామూలుగా అన్ని చట్టాల్లో ఉండే మాటే అన్నారు" అన్నారు. మా పక్కింటి పెద్దాయన, రిటైర్డ్ తహసీల్దారు, కొడుకు దగ్గరికి వచ్చి ఉన్నారు, అప్పటిదాకా నోరు విప్పలేదు. వచ్చీరాని ఇంగ్లీషులో "సార్, మామూలుగా ఉండే మాట అయితే, తీసేస్తే నష్టమేంటి?" అన్నారు. జవాబు రాలేదు.


లెక్కలమాస్టారు
ఫిబ్రవరి 9, మధ్యాహ్నం 1.40

తహసీల్దారు గారికి నమస్కారాలు చెప్పండి.


వార్మ్‌స్ప్రింగ్స్_అమ్మ
ఫిబ్రవరి 12, బుధవారం, ఉదయం 6.30

పాసయింది. 6-1. రాత్రి ఆన్‌లైన్‌లో చూస్తూ సోఫాలోనే నిద్రపోయాను.

నేను కోరుకున్నదే. అయినా సంతోషంగా ఉందా అంటే ఏం చెప్పాలో తెలియడం లేదు. మాట్లాడినవాళ్లలో ఒకామె ఉంది, కార్లో ఉంటూ ఉద్యోగం చేస్తోందట. మా ఆఫీసులో రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయిలాగే ఉంది.


పులిహోర_బ్యాచ్
ఫిబ్రవరి 12, ఉదయం 7.10

నేను లోపలే ఉన్నా. మాట్లాడాను కూడా!

చిన్న కార్డు మీద పేరు రాసిస్తే పిలుస్తారు. ఇంట్లో అద్దం ముందు మూడు నిమిషాలకి ప్రాక్టీస్ చేసి వెళ్తే, జనం ఎక్కువయ్యారని సమయం కోసేశారు. నా దగ్గర రెండు పేజీలు. మైకు నా గడ్డం కంటే పైకి ఉంది, దించబోతే కీచుమని అరిచింది. ఎదురుగా టైము చూపే లైటు పచ్చగా వెలుగుతోంది. రాసుకున్నది వదిలేసి, "నేను టార్పాలిన్ ఇచ్చాను. నేను నేరస్థురాలినా? అవును కాదు చెప్పండి" అని కూర్చున్నా. లైటు ఇంకా పచ్చగానే ఉంది. వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. మీటింగ్‌లో జవాబివ్వరన్న సంగతి నాకప్పటికి తెలీదు, ఏమైనా చెప్తారేమోనని కాసేపు మేయర్ వంకే చూస్తూ ఉన్నా.

ఇంటికొచ్చాక మా ఆయన, "ఇరవై ఏళ్లలో నువ్వు నిమిషంలో ముగించిన మొదటి మాట ఇదే" అన్నాడు.


చిక్కడపల్లి_చిన్నోడు
ఫిబ్రవరి 12, ఉదయం 8.00

అక్కా, సూపర్. మా కార్పొరేషన్ మీటింగ్ టీవీలో చూస్తే బల్లలెక్కడం, కాగితాలు చింపడం తప్ప ఏం కనపడదు. జనం లోపలికెళ్లి మైకు పట్టుకోవడమా!

మా దగ్గర పెట్టిన నియమం మాత్రం మీకు పనికొస్తుందేమో చూడండి. జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ కింద లక్ష జనాభాకి వందమంది పట్టే షెల్టర్ ఒకటి ఉండాలన్నారు, మనిషికి 50 చదరపు అడుగులు. సుప్రీం కోర్టు ఒత్తిడితో వచ్చిన లెక్క ఇది. అమలు గురించి అడగొద్దు, కోటి దాటిన ఊరు మాది, మీరే గుణించుకోండి. కానీ ఒక అంకె ఉంటే కనీసం "ఎన్ని తక్కువ" అని అడగొచ్చు.


లెక్కలమాస్టారు
ఫిబ్రవరి 12, ఉదయం 8.25

ఆ లెక్కన ఫ్రీమాంట్‌కి (2.3 లక్షలు) 230 పడకలు. 807 మందికి అదీ చాలదు, కానీ 45 కంటే ఐదు రెట్లు.


రాత్రి_డ్యూటీ
ఫిబ్రవరి 12, మధ్యాహ్నం 3.30

పడకల గురించి ఒక పాత సంగతి. ఆ 45 పడకల సెంటర్ ఎక్కడ పెట్టాలని 2019లో చర్చ జరిగినప్పుడు ఊరు ఊరంతా గొడవ. మా వీధిలో వద్దు, మా స్కూల్ దగ్గర వద్దు. ప్లకార్డులు పట్టుకున్నవాళ్లలో మనవాళ్లు, చైనావాళ్లు తక్కువేం లేరు. ఇప్పుడు నిజం చెప్తున్నా, నేను కూడా ఒక పిటిషన్ మీద సంతకం పెట్టా. అప్పుడు నాకు ఆరు నెలల పాప. ఆఖరికి ఇంకెవరి ఇంటి పక్కా కాకుండా సిటీ హాల్ వెనక పార్కింగ్‌లో పెట్టారు. తర్వాత రెండేళ్లకి ఆ పక్కనే పనిబడి వెళ్తే, లోపల ఒక సెంటర్ ఉందని కూడా గుర్తుపట్టలేదు. చెట్లు, కంచె, ఒక కుక్క.

సభ్యుడికి నిషేధం మీద ఓటేయడం తేలిక. ఇన్‌బాక్స్ చల్లబడుతుంది. ఫలానా వీధిలో రెండో సెంటర్ అంటే మాత్రం ఆయనకి మళ్లీ ఎన్నికల్లో నిలబడే ధైర్యం ఉండాలి. ఆ ధైర్యం లేకుండా చేసిందెవరో నేను పైన రాసేశా.


ట్యాక్స్_కట్టేవాడు
ఫిబ్రవరి 12, సాయంత్రం 5.45

సరే, ఒక మాట నిజాయితీగా. నా కోపం గుడారంలో ఉన్న మనిషి మీద కాదు. 2016లో మెజర్ ఏ1 అని కౌంటీ 580 మిలియన్ డాలర్ల బాండ్‌కి మన చేత ఓటేయించుకుంది, అందుబాటు ఇళ్ల కోసం. నేనూ వేశా. ఎనిమిదేళ్లు దాటింది. ఇళ్లు కట్టలేదని అనను, కట్టారు. కానీ మళ్లీ మళ్లీ డబ్బు అడుగుతారు, పార్కు మాత్రం అలాగే ఉంటుంది. ఎవరైనా ఒక్క కాగితం మీద చూపించగలరా, ఎంత వచ్చింది, ఎన్ని తలుపులు తెరుచుకున్నాయి? అది చూపిస్తే నా నోరు మూసుకుంటా.


మంగళవారం_మీటింగ్
ఫిబ్రవరి 12, సాయంత్రం 6.20

ట్యాక్స్ గారూ, ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన మంచి ప్రశ్న ఇదే. వ్యంగ్యం కాదు. సభ్యుడికి అచ్చంగా ఇలాగే ఈమెయిల్ రాయండి. గరాజ్ మాట మాత్రం తీసేసి.


గోదారిగట్టు
మార్చి 9, ఆదివారం, ఉదయం 10.30

నెల తర్వాత వస్తున్నా. రెండు సంగతులు.

పోయిన వారం వంతెన స్తంభానికి నోటీసు అంటించారు. ఏ సంస్థదో చెప్పను. ప్లాస్టిక్ కవర్లో పెట్టి, నాలుగు మూలలా టేపు వేసి, 72 గంటలు టైమిచ్చారు. పుదీనా ఆయన దాని కిందే కూర్చుని సైకిల్ చైన్‌కి నూనె రాస్తున్నాడు. మొదటిసారి మాట్లాడా. పేరు చెప్పాడు, ఇక్కడ రాయను. యూనియన్ సిటీలో పుట్టాడట. పదకొండేళ్లు టైర్ల షాపులో చేశాడు, నడుం పోయింది, తర్వాత అద్దె పోయింది. షెల్టర్‌కి వెళ్లొచ్చుగా అంటే, పేరు వెయిటింగ్ లిస్టులో ఉంది అన్నాడు. అది ముందుకి జరగాలంటే ఐడీ కావాలి, ఐడీ రెండేళ్ల కింద ఇలాంటి క్లీనింగ్‌లోనే చెత్త బండెక్కింది. కొత్త దానికి పుట్టిన సర్టిఫికెట్ కావాలి, అది ఇంటికి పోస్టులో వస్తుందట. ఇల్లు అన్న చోట నవ్వాడు.

మూడో రోజు వెళ్తే లేడు. టార్పాలిన్ లేదు, చక్రాలు లేవు. బకెట్ ఉంది. రెండో గుంపు మాత్రం పట్టాల అవతలికి జరిగి కూర్చుంది. రాత్రి అరుపులు ఇప్పుడు మాకు కాకుండా అవతలి వీధివాళ్లకి వినపడుతున్నాయి.

రెండో సంగతి, ఆ "సాయపడినా నేరం" వాక్యం మీద దేశమంతా వార్తలయ్యాయి. సిటీ మీద దావా కూడా పడింది. 18న కౌన్సిల్ ముందుకి మళ్లీ వస్తోంది.


పులిహోర_బ్యాచ్
మార్చి 19, బుధవారం, ఉదయం 6.15

తీసేశారు! ఆ వాక్యం తీసేశారు!!

నిషేధం ఉంది, జరిమానా ఉంది, అవేం మారలేదు. కానీ సాయపడటం అన్న మాట పోయింది. ఈసారి నేను రెండో నిమిషం దాకా మాట్లాడగలిగేలా ప్రాక్టీస్ చేసి వెళ్లా, చెప్పడానికి పెద్దగా మిగల్లేదు.


మంగళవారం_మీటింగ్
మార్చి 19, ఉదయం 6.50

అభినందనలు అక్కా. వార్తల్లో వచ్చిన పరువు నష్టం, దావా భయం, ఇవి కూడా పనిచేశాయి, మన మైకు ఒక్కటే కాదు. అయినా ఆరేళ్లుగా చూస్తున్నా, పాసైన ఆర్డినెన్స్‌లో మాట ఐదు వారాల్లో వెనక్కి తీసుకోవడం నా కంట పడలేదు.


రాత్రి_డ్యూటీ
మార్చి 19, ఉదయం 8.10

ఐడీ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. నాకైతే మొత్తం చర్చలో అదే పట్టుకుంది. ఔట్‌రీచ్ ఏజెన్సీ చిరునామాకే పోస్టు తెప్పించుకునే వీలుంటుంది, ఇల్లులేనివాళ్లకి కాలిఫోర్నియా డీఎంవీలో (లైసెన్సులు, ఐడీలు ఇచ్చే శాఖ) ఐడీ ఉచితం, దానికో ఫారం ఉంది. మా ఆస్పత్రి సోషల్ వర్కర్ ఒకావిడ నెలకి నాలుగైదు చేయిస్తుంది. క్లీనింగ్‌లో దొరికిన కాగితాలు, మందులు, ఐడీలు పారేయకుండా దాచి ఇవ్వాలన్న నియమాన్ని కాగితం మీదే కాకుండా నిజంగా పాటిస్తున్నారా అని సభ్యుడిని అడగొచ్చు. దీనికి కొత్త బాండూ అక్కర్లేదు, రెండో సెంటరూ అక్కర్లేదు. తాళం ఉన్న ఒక కంటైనర్, రాసుకోవడానికి ఒక రిజిస్టరు.


ట్యాక్స్_కట్టేవాడు
మార్చి 19, ఉదయం 8.40

కంటైనర్ నేను కొనిపెడతా. సీరియస్. సిటీ తీసుకుంటుందా లేదా కనుక్కోండి.


వార్మ్‌స్ప్రింగ్స్_అమ్మ
మార్చి 19, ఉదయం 9.05

ఇది స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటున్నా.

గోదారిగట్టు గారూ, ఆ బకెట్ ఏమైంది?


గోదారిగట్టు
మార్చి 19, రాత్రి 8.50

మా వరండాలో ఉంది. సీసా నీళ్లే పోస్తున్నా, అలవాటు తప్పించడమెందుకని. ట్రెయిల్ పొడుగునా సైకిల్ చక్రాలు కనపడితే ఆగి చూస్తున్నా. దొరికితే ఇచ్చేస్తా. పచ్చడి చేస్తానని మా ఆవిడ అంటోంది, ఒప్పుకోలేదు.

సభ్యుడికి కంటైనర్, రిజిస్టరు గురించి రాశా. ఉమ్మడి జాబితా రెఫరల్ ఏమైందనీ అడిగా. రెండు రోజుల్లో ఫోన్ చేస్తామని ఆయన ఆఫీసు నుంచి జవాబొచ్చింది. ఇవాళ మొదటి రోజు.

కొత్త బడ్జెట్ జులై 1 నుంచి. ఆ లోపు మే, జూన్‌లలో మంగళవారాలు రావాలి. తహసీల్దారు గారు వీసా గడువు పెంచమని అప్లై చేశారు, దీని కోసమే అంటున్నారు కొడుకుతో. మా వ్యాన్‌లో ఇంకా మూడు సీట్లున్నాయి. నైల్స్ నుంచి 6.15కి బయల్దేరతాం. మాట్లాడదలచినవాళ్లు ఒక నిమిషానికే రాసుకురండి.